ముందు లేచినవాడే పెద్దకొడుకు

యంత్రం చెడిపోతే బాగుచేసుకోవడం పెద్ద కష్టమేం కాదు. కాలిన వాసన వస్తుంది, లేదా దీపం ఆరిపోతుంది, లేదా తెర మీద ఏదో ఒక తిట్టు ప్రత్యక్షమవుతుంది. ఎక్కడ వెతకాలో ఆ చెడిపోయినదే చెబుతుంది. మనిషిని నిజంగా ఏడిపించేది ఇంకో రకం. ఏ భాగాన్ని తట్టి చూసినా "నేను బాగానే ఉన్నాను" అంటుంది, మొత్తం మాత్రం పనిచెయ్యదు. ఆఫీసుల్లోనూ ఉమ్మడి కుటుంబాల్లోనూ ఈ రకం తగువులు చాలానే చూశాను గానీ, ఏ మసీ అంటకుండా శుభ్రంగా కళ్లకు కట్టినట్టు చూసింది మాత్రం మా బామ్మర్ది ఇంట్లోని రౌటర్ దగ్గర.

రౌటర్ అనగానే ఇప్పుడందరికీ గుర్తొచ్చేది గోడకు మేకు కొట్టి తగిలించిన డబ్బా. నిజానికి ఏ పాత కంప్యూటరైనా రౌటర్ అవుతుంది. రెండు నెట్‌వర్క్ కార్డులుంటే చాలు. ఒకటి బయటి తీగకి, ఒకటి ఇంటి తీగకి. లినక్స్‌లో ఐపీ ఫార్వర్డ్ అనే చోట సున్నా చెరిపి ఒకటి పెట్టాలి. 2001 జనవరిలో లినక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నల్ 2.4 వెర్షన్‌తో పాటు ఐపీటేబుల్స్ అనే ఫైర్‌వాల్ పనిముట్టు వచ్చింది కాబట్టి, ఇంట్లో ఉన్న 192.168 అడ్రసులన్నిటినీ ఒకే బయటి అడ్రసు చాటున నడిపించడం నాలుగు వరసల పని. ఆ డబ్బాలు చేసేదీ ఇదే. లింక్‌సిస్ వాళ్ల డబ్ల్యూఆర్‌టీ54జీ అనే నీలం డబ్బా విప్పి చూస్తే లోపల ఉన్నది లినక్సేనని తేలడం, ఆ కోడ్ బయటికి రావడం, దాన్ని పట్టుకుని ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ పుట్టడం అందరికీ తెలిసిన కథే.

మా బామ్మర్దికి ఆ డబ్బాలంటే చిన్నచూపు. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో మూడో అంతస్తు ఫ్లాటు వాళ్లది. మంచం కింద ఒక పెంటియం త్రీ పెట్టాడు. దానికి మానిటరూ లేదు, కీబోర్డూ లేదు, పక్కకి తీసిన మూత కూడా మళ్లీ పెట్టలేదు, గాలి ఆడాలని. అందులో రెండు కార్డులు. ఒకటి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీలో, అదే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్నది. రియల్‌టెక్ 8139. ఇంకోటి ఎవరిదో ఆఫీసులో పాత కంప్యూటర్లు తీసేస్తుంటే దాంట్లోంచి ఊడపీకి తెచ్చుకున్న ఇంటెల్ ప్రో 100.

రియల్‌టెక్ 8139 గురించి ఒక్క మాట చెప్పకుండా ముందుకి పోబుద్ధి కావడం లేదు. అంత చవక కార్డు, అంతగా తిట్లు తిన్న కార్డు ఇంకోటి ఉండదేమో. పంపాల్సిన ప్యాకెట్టు మెమరీలో నాలుగు బైట్ల హద్దుకి సరిగ్గా కూర్చుంటే తప్ప అది తీసుకోదు. వచ్చిన ప్యాకెట్లన్నీ ఒకే పెద్ద గుండ్రటి బఫర్‌లో వరసగా కుమ్మరించేస్తుంది. అంచేత ప్రతి ప్యాకెట్టునీ ప్రాసెసర్ కూర్చుని ఇటునుంచి అటు ఎత్తి పొయ్యాలి. ఫ్రీబీఎస్‌డీకి దీని డ్రైవర్ రాసినాయన ఆ కడుపుమంటంతా కోడ్‌లోనే వ్యాఖ్యగా రాసి పెట్టుకున్నాడు. లినక్స్‌కి మొదటి డ్రైవర్ రాసింది డోనాల్డ్ బెకర్. నాసా గొడార్డ్ కేంద్రంలో థామస్ స్టెర్లింగ్‌తో కలిసి 1994లో 16 మామూలు ప్రాసెసర్లని ఈథర్‌నెట్‌తో కట్టి బియోవుల్ఫ్ క్లస్టర్ చేసినాయన ఈయనే. ఆ పనికి కార్డులు కావాలి, కార్డులకి డ్రైవర్లు కావాలి, లేవు కాబట్టి ఒక్కొక్కటే రాసుకుంటూ పోయాడు. ఆ రోజుల్లో లినక్స్ పెట్టిన ఏ కంప్యూటర్లో చూసినా తెర మీద ఆయన పేరు ఒకసారైనా కనబడేది. తర్వాత 2.4 కెర్నల్‌కి జెఫ్ గార్జిక్ డ్రైవర్ వచ్చింది, దాని పేరు 8139టూ. తిట్లు ఎన్ని తిన్నా ఆ కార్డు మాత్రం ప్రపంచమంతా పనిచేసింది. సీటీసీలో కౌంటరు వెనక కుర్రాణ్ణి "లినక్స్‌లో పనిచేసే కార్డు" అని అడిగితే ఆలోచించకుండా దాన్నే చేతిలో పెట్టేవాడు.

అలా నడుస్తున్న రౌటర్‌కి ఒక రోజు మా బామ్మర్ది కెర్నల్ మళ్లీ కంపైల్ చెయ్యడానికి కూర్చున్నాడు. నడుస్తున్నదానికి అదంతా ఎందుకు? మా అక్కయ్యగారు, అంటే మా బామ్మర్దికి పెద్దక్క, అడిగిన ప్రశ్న ఇదే. వాడి జవాబు అప్పటికి సబబైనదే. బయటి ప్రపంచానికి ఎదురుగా నిలబడే యంత్రంలో మాడ్యూళ్లు ఎక్కించుకునే సౌకర్యమే ఉండకూడదు, ఉంటే ఎవడైనా దొంగ చొరబడి కెర్నల్‌లోకే తన మాడ్యూలు జొప్పించి కనబడకుండా కూర్చుంటాడు. అందుకని కావలసిన డ్రైవర్లన్నీ కెర్నల్ లోపలే పోతపోసి, మాడ్యూళ్ల తలుపు మూసెయ్యాలి. ఫైర్‌వాల్ పుస్తకాలన్నీ ఆ రోజుల్లో ఈ సలహానే ఇచ్చేవి.

మేక్ మెనూకాన్ఫిగ్ అని కొడితే నీలం తెర మీద ఒక జాబితా తెరుచుకుంటుంది. దాని లోపల ఇంకో జాబితా, దాని లోపల ఇంకోటి. ప్రతి వరసకీ మూడు జవాబులు. వై అంటే కెర్నల్‌లో కలిపెయ్. ఎమ్ అంటే మాడ్యూలుగా పక్కన పెట్టు, అవసరమైతే పిలుద్దాం. ఎన్ అంటే వద్దు. ఎప్పుడూ వినని బస్సులు, ఎవరూ వాడని ఫైల్ సిస్టములు, అమెచ్యూర్ రేడియో ప్రోటోకాళ్లు, అన్నీ వచ్చి ఒక్కొక్కటే మన తీర్పు అడుగుతాయి. చాలావాటి కింద సహాయ వాక్యంలో, తెలియకపోతే ఎన్ అనండి అని ఉంటుంది. తెలియకపోతే వద్దనమని చెప్పే ఇంత నిజాయితీ గల పత్రం నేను ఇంకెక్కడా చూడలేదు. కెర్నల్ కంపైల్ చేస్తే వేగం పెరుగుతుందని ఎవరైనా అంటే నేను నమ్మను. అయినా ఒక్కసారైనా చెయ్యమనే అంటాను. మనకి తెలియకుండా మన తరఫున ఎన్ని నిర్ణయాలు జరిగి ఉన్నాయో ఆ నీలం తెర చూపించినట్టు ఇంకేదీ చూపించదు.

మా బామ్మర్ది ఎమ్‌లన్నిటినీ వైలు చేశాడు. అక్కర్లేనివి ఎన్ చేశాడు. కంపైల్ చేశాడు. గ్రబ్ బూట్ పట్టీలో కొత్త వరస రాసి, పాతదాన్ని దాని కిందే ఉంచి, రీబూట్ కొట్టాడు. రాత్రి భోజనాల వేళ నాకు ఫోను.

"బావా, కెర్నల్ ఎక్కింది. నెట్ ఎక్కలేదు."

ఫోన్లో వైద్యానికి ఒక పద్ధతుంది. కింది నుంచి పైకి రావాలి. కార్డు స్లాటులో ఉందా? ఉంటే దాన్ని పలకరించే డ్రైవర్ ఉందా? డ్రైవరుంటే ఇంటర్‌ఫేసు పుట్టిందా? పుడితే అడ్రసు వచ్చిందా? ఒక మెట్టు తేలకుండా పై మెట్టు ఎక్కితే తెల్లారిపోతుంది. కొత్త కెర్నల్ తర్వాత చాలామంది చిక్కుకునేది ఈ మొదటి రెండు మెట్ల మధ్యే. ఎల్‌ఎస్‌పీసీఐ కొడితే కార్డు కనిపిస్తుంది, ఐఎఫ్‌కాన్ఫిగ్ కొడితే కనిపించదు. ఎల్‌ఎస్‌పీసీఐ బస్సు మీద ఎవరు కూర్చున్నారో చదివి చెప్పేదే గానీ, వాళ్లతో మాట్లాడే నాథుడున్నాడా లేడా అనేది దానికి పట్టదు. డ్రైవర్‌కి ఎన్ అని ఉంటే కార్డు అక్కడే ఉంటుంది, ఊరికే ఉంటుంది. ఇప్పటి రియల్‌టెక్ గిగాబిట్ కార్డుల్లో అయితే ఇంకో మెలిక. ప్రధాన డ్రైవర్ ఎక్కినా, తీగ చివర సిగ్నల్ సంగతి చూసే ఫై అనే భాగానికి రియల్‌టెక్ అనే విడి మాడ్యూలు కావాలి. బూట్ సమయంలో వాడే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లో అది లేకపోతే, అది లేదేమో చూసుకోండి అని కెర్నలే పాపం ఒక వరసలో మొరపెట్టుకుంటుంది. చదివేవాళ్లే తక్కువ.

మా వాడి దగ్గర ఆ గొడవలేం లేవు. ఎల్‌ఎస్‌పీసీఐలో ఇద్దరూ ఉన్నారు. 10ఈసీ అంటే రియల్‌టెక్, 8086 అంటే ఇంటెల్. (పీసీఐ కంపెనీ నంబరుగా ఇంటెల్ తన పాత ప్రాసెసర్ నంబరునే పెట్టుకుంది, ఆ మాత్రం సరదా వాళ్లకీ ఉంది.) కెర్నల్ లాగు చూపించే డీమెసేజ్‌లో రెండు డ్రైవర్లూ హాజరు పలికాయి. రెండు లింకులూ 100 మెగాబిట్ల దగ్గర, ఫుల్ డూప్లెక్సులో ఉన్నాయి. రెండు కార్డుల వెనకా పచ్చ దీపాలు. ఈథ్0 ఉంది, ఈథ్1 ఉంది. ఈథ్1కి ఇంటి అడ్రసు 192.168.1.1 పడింది. ఈథ్0 మాత్రం బయటి నుంచి అడ్రసు అడుగుతూ కూర్చుంది, ఎవరూ ఇవ్వడం లేదు. హాల్లో ఉన్న కంప్యూటర్‌కి కూడా ఎవరూ అడ్రసు ఇవ్వక, విండోస్ తనంతట తానే 169.254తో మొదలయ్యే నంబరొకటి తగిలించుకుంది. అడిగి అడిగి విసిగిపోయినప్పుడు అది చేసే పని అదే.

"పాత కెర్నల్‌తో ఎక్కించు," అన్నాను. ఎక్కించాడు. నెట్ వచ్చింది. మళ్లీ కొత్తది ఎక్కించాడు. పోయింది. కార్డులు బాగున్నాయి, తీగలు బాగున్నాయి, కేబుల్ నెట్ వాడు బాగున్నాడు. అయితే కొత్త డ్రైవర్ మీదే అనుమానం. రెండు కార్డులూ ఒకే ఐఆర్‌క్యూ పంచుకుంటున్నాయేమో చూడమన్నాను, లేదు. బూట్ వరసలో నోఏపిక్ చేర్చమన్నాను, తేడా లేదు. అప్పటికి వాడి గొంతులో విసుగు, నా చెవి మీద ఫోను వేడి.

ఇంతలో అవతల కాలింగ్ బెల్ మోగింది. కేబుల్ నెట్ కుర్రాడు. ఆ కాలనీలో నెట్ అంటే మేడ మీద ఒక స్విచ్చు, దాంట్లోంచి గోడల వెంట కిందికి దిగే నీలం తీగలు. వాడి మాటలు నాకు ఫోన్లో వినబడుతూనే ఉన్నాయి.

"సార్, గీ నంబర్ మీదేనా చూడండి. కింద సెకండ్ ఫ్లోర్ల ఎవ్వలకి నెట్ వస్తలేదు. అందరికీ 192.168.1 ఐపీ వడ్తుంది. ఎవలిస్తున్నరా అని చూస్తే గీ మ్యాక్ వచ్చింది. మా బుక్కుల గిది మూడొందల రెండు ఫ్లాటుది."

వాడు చేసింది చాలా చక్కని పని. రెండో అంతస్తులో ఎవరిదో కంప్యూటర్ ముందు కూర్చుని, అడ్రసు ఇస్తున్న డీహెచ్‌సీపీ సర్వర్ ఎవరో చూశాడు. 192.168.1.1 అని ఉంది. ఏఆర్‌పీ మైనస్ ఏ అని కొట్టి ఆ అడ్రసు వెనక ఉన్న కార్డు నంబరు పట్టుకున్నాడు. 00-ఈ0-4సీ అని మొదలైంది. కనెక్షన్ ఇచ్చేటప్పుడు ప్రతి ఇంటి కార్డు నంబరూ రాసుకునే లాంగ్ నోట్‌బుక్ ఒకటుండేది వాళ్ల దగ్గర, ఆ నంబరు తప్ప వేరే కార్డుకి నెట్ ఇచ్చేవారు కాదు. ఆ పుస్తకం తిరగేశాడు, మెట్లెక్కి వచ్చేశాడు. రాగానే వాడు చేసిన మొదటి పని బయటి తీగ పీకెయ్యడం. నేను గంట నుంచి ఐఆర్‌క్యూల చుట్టూ తిరుగుతున్నాను.

00-ఈ0-4సీ రియల్‌టెక్ కంపెనీది. ఐఈఈఈ వాళ్లు ప్రతి కంపెనీకీ 48 బిట్ల నంబరులో మొదటి 24 బిట్లు కేటాయిస్తారు. అంటే వీధి వైపు తీగకి తగిలించి ఉన్న రియల్‌టెక్ కార్డు ఇంటి అడ్రసు పెట్టుకుని, ఇంటి డీహెచ్‌సీపీని వీధికి పంచుతోంది. నిన్నటి దాకా రియల్‌టెక్ ఈథ్0, ఇంటెల్ ఈథ్1. ఇవాళ తారుమారు. మా వాణ్ణి ఆ బయటి తీగ పీకే ఉంచి ఈథ్‌టూల్ ఈథ్1 అని కొట్టమన్నాను. లింక్ లేదంది. పీకిన తీగ బయటిది, లింక్ పోయింది లోపలిదనుకున్న పేరుకి. ఇక అడగడానికేం మిగల్లేదు.

చుట్టుపక్కల కంప్యూటర్లు వీళ్ల రౌటర్ మాటే ఎందుకు విన్నాయంటే, డీహెచ్‌సీపీలో అడిగినవాడు సాధారణంగా ముందొచ్చిన జవాబునే పట్టుకుంటాడు. కేబుల్ కంపెనీ సర్వర్ ఎక్కడో దూరాన ఉంది. మా వాడి మంచం కింది పెంటియం రెండు గోడల అవతలే ఉంది.

పేర్లు తారుమారు ఎందుకయ్యాయన్న దానికి జవాబు తేలికే గానీ మింగుడు పడేది కాదు. ఈథ్0 అన్నది ఏ కార్డు పేరూ కాదు. కెర్నల్‌కి ముందుగా దొరికిన కార్డుకి ఆ పూటకి ఇచ్చే పిలుపు. పాత కెర్నల్‌లో డ్రైవర్లు మాడ్యూళ్లు. వాటిని ఏ వరసలో ఎక్కించాలో డిస్ట్రిబ్యూషన్ వాళ్ల ఫైలులో ఉంది, రియల్‌టెక్ ముందు, ఇంటెల్ తర్వాత. కొత్త కెర్నల్‌లో అన్నీ లోపలే ఉన్నాయి. అప్పుడు ఎవరు ముందు లేస్తారన్నది నెట్‌వర్క్ డ్రైవర్ల మేక్‌ఫైలులో ఎవరి వరస పైన ఉందన్న దాన్నిబట్టి. అందులో ఇంటెల్ ఈ100 పైన, 8139టూ కింద. ఎవరో ఎప్పుడో ఆ ఫైలులో ఒక వరస పైన ఇంకో వరస రాశారు, దాని మూలంగా కూకట్‌పల్లిలో రెండో అంతస్తుకి నెట్ పోయింది.

మన ఇళ్లల్లో పెద్దోడు, నడిపోడు, చిన్నోడు అని పిలుస్తాం. అది పుట్టిన వరస, చచ్చేదాకా మారదు. ఈ కెర్నల్ ఇంట్లో వరస ప్రతి పొద్దునా కొత్తగా తేలుతుంది. ముందు లేచినవాడే ఆ రోజుకి పెద్దకొడుకు. ఆస్తి పత్రాల్లో మాత్రం "పెద్దకొడుక్కి ఇల్లు, చిన్నకొడుక్కి పొలం" అని రాసేసి ఉంటుంది. అలవాటుగా పెద్దవాడే ముందు లేస్తున్నంత కాలం ఏ తగువూ లేదు. పదో తరగతి సర్టిఫికెట్టు మీద మనకి రెండు పుట్టుమచ్చలు రాయించినట్టు, కార్డులకీ మ్యాక్ నంబరనే పుట్టుమచ్చ ఉంది. ఆ పత్రాలు రాసినవాడు దాన్ని చూడలేదు, పిలుపునే చూశాడు.

మా బామ్మర్ది ఫైర్‌వాల్ స్క్రిప్టు సరిగ్గా ఆ పత్రమే. ఈథ్1 నుంచి వచ్చేవన్నీ మనవాళ్లు, రానివ్వు. ఈథ్0 నుంచి పిలవకుండా వచ్చేవన్నీ పరాయివాళ్లు, ఆపు. ఆ రాత్రి కాసేపు ఆ అపార్ట్‌మెంటు మొత్తం మా వాళ్ల ఇంటి మనుషులు, హాల్లో కూర్చున్న మా అత్తగారి కంప్యూటర్ పరాయిది. స్క్రిప్టులో ఒక్క అక్షరం మారలేదు. దాన్ని అచ్చేసి ఎంత తెలివైనవాడికి చూపించినా తప్పు పట్టలేడు, ఎందుకంటే అందులో తప్పు లేదు. బయటిది రియల్‌టెక్, లోపలిది ఇంటెల్ అన్న సంగతి ఆ యంత్రంలో ఎక్కడా రాసి లేదు. ఏ ఫైలులోనూ లేదు, ఏ ఆజ్ఞా చెప్పలేదు. ఏ తీగ ఎక్కడికి పోతుందో కెర్నల్‌కి తెలియదు, తెలిసే అవకాశమూ లేదు. ఆ సంగతి రాసి ఉన్న చోటు ఒక్కటే, కేబుల్ కుర్రాడి లాంగ్ నోట్‌బుక్. అదీ వాళ్ల అవసరానికి, బిల్లు ఎగ్గొట్టకుండా.

ఇలా పనిచేస్తున్నవి మన చుట్టూ ఎన్నో ఉంటాయి. నడుస్తున్నంత కాలం అదే నియమం అనుకుంటాం. అది నియమం కాదు, ఇంకా తప్పిపోని యాదృచ్ఛికం. దాన్ని పరీక్షించే దారి ఒక్కటే, మొత్తం ఒకసారి విప్పి మళ్లీ కట్టడం. అందుకే కంపైల్ చేసినప్పుడు బయటపడే లోపాల్లో సగం కంపైల్ వల్ల వచ్చినవి కావని నా అభిప్రాయం. అవి ముందునుంచీ ఉన్నవే.

మరి పిలుపు నమ్మకూడదంటే దేన్ని నమ్మాలి? పుట్టుమచ్చనా? కొన్నేళ్లు లినక్స్ అదే చేసింది. యూడెవ్ అనేది మ్యాక్ చూసి పేరు పెట్టి, ఆ సంగతి ఒక నియమాల ఫైలులో రాసి దాచుకునేది. కార్డు కాలిపోయి కొత్తది పెట్టామా, పోయినవాడి పేరు మీద ఈథ్0 అలాగే అట్టిపెట్టి, కొత్తవాడికి ఈథ్2 అని పెట్టేది. వర్చువల్ మెషీన్ ఒకదాన్ని నకలు తీస్తే, కొత్త యంత్రానికి కొత్త మ్యాక్, అంచేత ఈథ్0 మాయం, ఈథ్1 ప్రత్యక్షం. దీని దెబ్బ తిన్న సిస్టమ్ అడ్మిన్లు హైదరాబాద్‌లోనే కొన్ని బస్సులకి సరిపోతారు. పైగా కెర్నల్ ఈథ్0 అని పిలుస్తున్న క్షణంలోనే యూడెవ్ ఇంకొకడికి ఆ పేరు పెట్టబోయి ఇద్దరూ గుద్దుకునేవారు.

పోనీ, కూర్చున్న చోటుని నమ్మితే? 2013 జనవరిలో సిస్టమ్‌డీ 197 ఆ దారి పట్టింది. ఈఎన్‌పీ3ఎస్0 అంటే మూడో నంబరు బస్సు, సున్నా స్లాటు. నోరు తిరగని పేరని అందరూ తిట్టారు, నేనూ తిట్టాను. కానీ లేచిన వరస మీద ఆధారపడదు కదా, మంచిదేననుకున్నాం. కంప్యూటర్‌లో కొత్త గ్రాఫిక్స్ కార్డు గుచ్చి చూడండి. కొన్ని బోర్డుల్లో బస్సుల నంబర్లు ఒకటి జరుగుతాయి, మూడు నాలుగవుతుంది, ఈఎన్‌పీ3ఎస్0 కోసం రాసిన పత్రాలన్నీ మళ్లీ చిత్తుకాగితాలు.

చోటుని నమ్మడంలో ఉన్న ప్రమాదానికి నాకు తెలిసినంతలో అన్నిటికన్నా భయంకరమైన ఉదాహరణ 2008 నాటిది. 2.6.27 కెర్నల్ పరీక్షా వెర్షన్లు వాడినవాళ్లలో కొందరి ఇంటెల్ గిగాబిట్ కార్డులు ఉన్నట్టుండి చచ్చిపోయాయి. మాట వరసకి చావడం కాదు, పాత కెర్నల్‌కి తిరిగి వెళ్లినా లేవలేదు. కార్డు మీద తన వివరాలన్నీ, మ్యాక్ నంబరుతో సహా, రాసుకునే చిన్న నిల్వ ఉంటుంది. అది చెరిగిపోయింది. పుట్టుమచ్చే పోయిందన్నమాట. అందరూ ఈ1000ఈ అనే ఆ కార్డు డ్రైవర్ మీద పడ్డారు. నెట్‌వర్క్ కార్డు చచ్చిందంటే ఇంకెవర్ని అనుమానిస్తారు? వారాల తర్వాత తేలింది దోషి ఎఫ్‌ట్రేస్ అని. దానికీ నెట్‌వర్క్‌కీ ఏ సంబంధమూ లేదు, కెర్నల్‌లో ఏ ఫంక్షన్ ఎప్పుడు నడుస్తోందో గమనించే పరికరం అది. ఫలానా మెమరీ అడ్రసులో ఫలానా కోడ్ ఉందని గుర్తు పెట్టుకుని, తర్వాత వెళ్లి ఆ చోట దిద్దుతుంది. ఈలోగా ఆ కోడ్ పని అయిపోయి చోటు ఖాళీ చేసింది. అదే అడ్రసుని కెర్నల్ కార్డు మీది నిల్వకి ఇచ్చింది. ఎఫ్‌ట్రేస్ పాత అడ్రసు పట్టుకుని వెళ్లి, తలుపు తీసినవాడెవడో చూడకుండా రాసేసింది. కెర్నల్ విడుదలైనాక మొదటి సవరణగా ఆ భాగాన్ని ఆపేశారు.

కాబట్టి వరస, చోటు, పుట్టుమచ్చ, మూడూ నమ్మదగ్గవే, మూడూ ఏదో ఒక రోజు మోసం చేసేవే. ఎవరికి ఏది నయమన్నది వాళ్లు దేన్ని మారుస్తుంటారన్న దాన్నిబట్టి ఉంటుంది. కార్డులు తరచుగా మార్చేవాడు స్లాటుని నమ్మాలి. డబ్బా విప్పి కొత్తవి గుచ్చుతుండేవాడు మ్యాక్‌ని నమ్మాలి. కెర్నల్ కంపైల్ చేసే మా బామ్మర్ది లాంటివాడు వరసని తప్ప దేన్నైనా నమ్మొచ్చు. అన్నిటికీ పనికొచ్చే పద్ధతి ఒకటుందని ఎవరైనా చెబితే వాళ్లు ఇంకా అన్నీ మార్చి చూడలేదని అర్థం.

మా వాడు మ్యాక్‌ని ఎంచుకున్నాడు. నేమ్‌ఇఫ్ అనే చిన్న పనిముట్టుంది, మ్యాక్‌ట్యాబ్ అనే ఫైలులో ఏ నంబరుకి ఏ పేరో రాస్తే చాలు. ఈథ్ అన్న పేరు మాత్రం మళ్లీ వాడొద్దన్నాను, కెర్నల్‌తో గుద్దులాట ఎందుకని. "అయితే తెలుగులో పెట్టనా బావా?" అన్నాడు వేళాకోళంగా. పెట్టొచ్చు. ఇంటర్‌ఫేసు పేరుకి కెర్నల్ 15 బైట్లు ఇస్తుంది, యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కోటి మూడు బైట్లు. "బయట"కి 9, "లోపల"కి 12, రెండూ పడతాయి. ఠ ఉన్న పేరు మాత్రం కుదరదు. ఆ అక్షరం మూడో బైటుని కెర్నల్ ఖాళీ స్థలం అనుకుని తోసేస్తుంది. అయితే తెలుగు పేరు చూస్తే అప్పటి ఐపీటేబుల్స్ వింత అక్షరమని గొణిగేది, పాత కన్సోల్ మీద చతురస్రాలు కనబడేవి. ఫైర్‌వాల్ లాగులో చతురస్రం ఎవరో చతురస్రం ఎవరో తేల్చుకోవడం మళ్లీ మొదటికే వస్తుంది కాబట్టి, చివరికి వ్యాన్0, ల్యాన్0 అని పెట్టుకున్నాడు. కార్డుల వెనక తెల్ల ప్లాస్టర్ ముక్కలంటించి బాల్ పెన్నుతో అవే పేర్లు రాశాడు. కేబుల్ కుర్రాడికి టీ ఇచ్చి పంపించారు.

సొంత కెర్నల్ కట్టుకునే అలవాటు ఇంకా ఉన్నవాళ్లకి ఒక మనవి. పాత కెర్నల్‌ని గ్రబ్ పట్టీలోంచి తొందరపడి తీసెయ్యకండి. ఫైర్‌వాల్‌నీ డీహెచ్‌సీపీనీ మీరు పెట్టిన పేరుతోనే కట్టండి, కెర్నల్ పెట్టిన పేరుతో కట్టకండి. కొత్త కెర్నల్‌ని మొదటిసారి ఎక్కించేటప్పుడు బయటి తీగ పీకి పక్కన పెట్టండి. ఏదైనా తారుమారైతే మీ ఇంటికే నెట్ పోతుంది, కింది ఫ్లోరు వాళ్లకి పోదు.